ఐస్ పెడితే గీతలు, వేడి చేస్తే మాయం: షేప్ మెమరీ లోహం లోపల ఏం జరుగుతోంది?

లోహవిద్యార్థిని · ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మెటలర్జీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం కాపర్-అల్యూమినియం-నికెల్ షేప్ మెమరీ అల్లాయ్ (వంచినా వేడి చేస్తే పాత ఆకారానికి వచ్చే లోహ మిశ్రమం) తీసుకున్నాం. కరిగించి పోత పోసి, 900 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచి నీళ్లలో ముంచేశాం. తర్వాత పైభాగాన్ని అద్దంలా పాలిష్ చేసి మైక్రోస్కోపు కింద పెడితే ఏమీ కనపడలేదు. పక్కన ఐస్ ముక్క ఆనించాను. చూస్తుండగానే గ్రెయిన్ (లోహంలోని ఒక్కో చిన్న స్ఫటికం) అంచు నుంచి సూది మొనలు దూసుకొచ్చాయి. వాటి వెనకే దువ్వెన పళ్లలా సమాంతరంగా గీతలు వచ్చాయి. కొన్ని చోట్ల ఈటె మొన ఆకారాలు కూడా ఉన్నాయి. ఐస్ తీసేసినా అవి పోలేదు. హెయిర్ డ్రయ్యర్ పెడితే అప్పుడు వెనక్కి వెళ్లిపోయాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ మళ్లీ చేశాను. గీతలు చాలావరకు అవే చోట్ల వస్తున్నాయి. ఇరవైసార్లు దాటాక ఒక గ్రెయిన్ అంచు వెంట సన్న పగులు కనిపించింది. నోట్స్‌లో "డిఫ్యూజన్ లేని మార్పు" అని ఒక్క ముక్క రాసి ఉంది. అంతకుమించి లేదు. ఆ గీతలు ఎందుకు వస్తాయి? అంత క్రమంగా ఎందుకుంటాయి? పగులు నా తప్పా?

కంచన్‌బాగ్_రిటైర్డ్ · ఆదివారం, రాత్రి 10:30

అమ్మా, నువ్వు చూసింది మార్టెన్‌సైట్ పుట్టుక. ముప్ఫై ఏళ్లు లోహాల మధ్యే గడిపాను. అయినా ఇప్పటికీ ఆ దృశ్యం కనపడితే ఐపీస్ దగ్గర నుంచి తల ఎత్తలేను.

ముందు ఒక సంగతి. నువ్వు చూసినవి రంగు గీతలు కావు, ఎత్తుపల్లాలు. అద్దంలా ఉన్న ఉపరితలం చోటుచోటా కొద్దిగా ఒరిగింది. ఒక్కో ఒరుగు వెలుగును ఒక్కో వైపు తిప్పుతుంది కాబట్టి నీకు గీతలుగా కనిపించింది. అంటే లోపలి స్ఫటికమే ఆకారం మార్చుకుంది.

వేడిగా ఉన్నప్పుడు ఉండే స్ఫటికాన్ని ఆస్టెనైట్ అంటాం, అది క్యూబ్. చల్లారితే వచ్చేది మార్టెన్‌సైట్. జర్మనీ లోహ శాస్త్రవేత్త అడోల్ఫ్ మార్టెన్స్ పేరు మీద వచ్చిన మాట అది. ఈ మార్పులో ఏ అణువూ తన ఇరుగుపొరుగును వదిలి వెళ్లదు. పక్కవాడితో కలిసి రవ్వంత జరుగుతుంది, అంతే. నీ నోట్స్‌లోని "డిఫ్యూజన్ లేని మార్పు" అంటే ఇదే. అణువులు ఒకదాన్ని దాటి ఒకటి వెళ్లాల్సిన పని లేదు గనకే, నువ్వు చూస్తుండగానే అది అంత వేగంగా జరిగింది.

కీళ్లు వదులైన నులక మంచాన్ని తలుచుకో. అది కుడికి ఒరగొచ్చు, ఎడమకు ఒరగొచ్చు. అలాంటి మంచాలు వంద, గోడ నుంచి గోడకు పేర్చిన గది ఉందనుకో. అన్నీ ఒకే వైపు ఒరిగితే చివరి మంచం గోడలోకి చొచ్చుకుపోవాలి, ఈ చివర ఖాళీ మిగలాలి. గోడలు కదలవు. అందుకని ఒక వరుస కుడికి, పక్క వరుస ఎడమకు ఒరిగితే మొత్తం గది కొలత మారదు. లోహంలో గోడలంటే ఇంకా మారని ఆస్టెనైట్, పక్క గ్రెయిన్లు. కుడి వరుస, ఎడమ వరుస అద్దంలో ప్రతిబింబాల్లా కలిసే చోటును ట్విన్ సరిహద్దు అంటాం. నీ దువ్వెన పళ్లు అవే.

గణితం_గచ్చిబౌలి · సోమవారం, ఉదయం 7:15

సర్ చెప్పిన మంచానికి లెక్క కలుపుతాను. నేను ఈ గణితం మీదే పని చేస్తున్నాను, ఎవరైనా అడిగితే ఆగలేను.

కాపర్-అల్యూమినియం-నికెల్‌లో క్యూబ్ ఒక అక్షం వెంట దాదాపు 8 శాతం కుదించుకుంటుంది, అంటే పొడవు 0.9178 రెట్లు. ఆ అక్షానికి అడ్డంగా ఉన్న ముఖం మీద రెండు కర్ణాలుంటాయి కదా. వాటిలో ఒకటి 1.0619 రెట్లు, రెండోది 1.0230 రెట్లు సాగుతాయి. మూడింటినీ గుణించి చూడండి, 0.997 వస్తుంది. ఘనపరిమాణం దాదాపు మారలేదన్నమాట.

ఇప్పుడు కుదించుకునే అక్షం ఏదన్నది మూడు రకాలుగా ఎంచుకోవచ్చు. ఎక్కువ సాగే కర్ణం ఏదన్నది రెండు రకాలుగా. మూడు రెళ్లు ఆరు. ఈ ఆరింటినీ వేరియంట్లు అంటారు. ఆరూ ఒకే స్ఫటికం, నిలబడ్డ దిశ మాత్రమే వేరు. శక్తి దృష్ట్యా ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. నికెల్-టైటానియం అనే మరో షేప్ మెమరీ లోహంలో మార్టెన్‌సైట్‌కి సౌష్ఠవం (తిప్పి చూసినా మునుపటిలాగే కనపడే గుణం) ఇంకా తక్కువ, అందుకే అక్కడ పన్నెండు.

అసలు చిక్కు ఇక్కడుంది. మార్టెన్‌సైట్ ఆస్టెనైట్ పక్కన పగులు లేకుండా అతుక్కోవాలంటే, ఆ రెండింటికీ నడుమ సాగని, కుదించుకోని సమతలం ఒకటి ఉండాలి. ఒక దిశలో సాగి ఇంకో దిశలో కుదించుకుంటే, ఆ రెంటి మధ్య పొడవు మారని దిశ ఒకటి దొరుకుతుంది. కానీ సమతలానికి రెండు దిశలు కావాలి. ఆ రెండోది దొరకాలంటే మూడు అంకెల్లో మధ్యది సరిగ్గా 1 కావాలి. మన లోహంలో మధ్యది 1.0230. ఆ రెండు శాతం తేడా వల్ల ఏ ఒక్క వేరియంటూ ఒంటరిగా ఆస్టెనైట్ పక్కన నిలవలేదు. రెండు వేరియంట్లు ఒక నిర్ణీత పాళ్లలో సన్న పొరలుగా కలిస్తే, వాటి సగటు మాత్రం సరిపోతుంది. గీతలు అలంకారం కావు, అతుక్కోవడానికి ఉన్న ఏకైక మార్గం.

1950ల మొదట్లో వెక్స్‌లర్, లీబర్‌మన్, రీడ్ ఒక వైపు, బౌల్స్, మెకంజీ మరో వైపు ఈ లెక్కను కట్టారు. 1987లో జాన్ బాల్, రిచర్డ్ జేమ్స్ ఇదంతా శక్తిని కనిష్ఠం చేసే సమస్యగా చూపించారు. పొరలు ఉంటాయని ముందే అనుకోనక్కర్లేదు, శక్తి తగ్గించమంటే అవే పుట్టుకొస్తాయి. నా చదువులో నన్ను ఇంతగా కదిలించిన ఫలితం మరోటి లేదు.

బాలానగర్_టూల్‌రూమ్ · సోమవారం, మధ్యాహ్నం 1:50

సర్, నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. డైలు, పంచ్‌లు హార్డెనింగ్ చేస్తాం. స్టీల్‌ని ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే వచ్చేది కూడా మార్టెన్‌సైటే అని ఐటీఐలో చెప్పారు. మరి నా పంచ్ వంగితే మళ్లీ వేడి చేసినా తిన్నగా కాదే? ఒకే పేరున్న రెండింటికి ఇంత తేడా ఏంటి?

కంచన్‌బాగ్_రిటైర్డ్ · సోమవారం, సాయంత్రం 6:05

చాలా మంచి ప్రశ్న తమ్ముడూ. ఇది అడగని విద్యార్థులకు నేను మార్కులు తగ్గించేవాణ్ణి.

స్టీల్‌లో ఆ మార్పు చాలా పెద్దది. ఘనపరిమాణం కొన్ని శాతం పెరుగుతుంది. చుట్టుపక్కల స్ఫటికం అంత ఒత్తిడికి తట్టుకోలేక జారిపోతుంది. జారడం అంటే అణువులు ఇరుగుపొరుగును మార్చుకోవడం. ఒకసారి పొరుగు మారితే తిరిగి వెళ్లడానికి గుర్తు ఉండదు. పైగా స్టీల్ మార్టెన్‌సైట్‌లో కార్బన్ ఇరుక్కుని ఉంటుంది. మళ్లీ వేడి చేస్తే అది ముందు కార్బైడ్‌గా బయటపడుతుంది, వెనక్కి వెళ్లే దారి అక్కడే మూసుకుపోతుంది.

గణితం_గచ్చిబౌలి · సోమవారం, రాత్రి 8:20

దీనికి ఇంకో లోతైన కారణం కూడా ఉంది. నికెల్-టైటానియంలో గానీ, మన కాపర్ లోహంలో గానీ మార్టెన్‌సైట్ సౌష్ఠవం ఆస్టెనైట్ సౌష్ఠవంలో ఒక భాగం. క్యూబ్‌కి ఉన్నవాటిలో కొన్ని పోతాయి, కొత్తవి రావు. అందుకని క్యూబ్ నుంచి కిందికి ఆరు దారులో పన్నెండు దారులో ఉన్నా, ఏ వేరియంట్ నుంచైనా పైకి వెళ్లే దారి ఒక్కటే. అందరూ ఆ ఒక్క ఇంటికే చేరతారు. స్టీల్‌లో అలా కాదు. కొత్త స్ఫటికానికి పాతదానికి లేని సౌష్ఠవాలు ఉంటాయి. అక్కడి నుంచి వెనక్కి రావడానికి చాలా దారులు, వేర్వేరు చోట్లకు తీసుకెళ్లేవి. అలా తిరిగేకొద్దీ జారడం తప్పదు. భట్టాచార్య, కాంటి, జంజోట్టో, జిమ్మర్ 2004లో దీన్ని గణితంగా నిరూపించారు.

కాబట్టి "లోహం గుర్తుపెట్టుకుంటుంది" అనే మాటకు నేను కాస్త అడ్డు చెబుతాను. లోపల ఎక్కడా బొమ్మ దాచిపెట్టి లేదు. పొరుగు మారలేదు, తిరుగు దారి ఒక్కటే. ఆ రెండు చాలు.

పోచంపల్లి_పద్మశాలి · సోమవారం, రాత్రి 9:10

నాకు సైన్స్ రాదండి. మాది మగ్గం ఇల్లు, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాను. ఈ చర్చ చదువుతుంటే ఒకటి తోచింది. చీర కుచ్చిళ్లు ఇలాంటివే కదా? గజాల పొడవు గుడ్డ నడుము దగ్గర జానెడు చోటులో సర్దుకోవాలి. ఒక మడత ఇటు, ఒక మడత అటు వేస్తేనే కుదురుతుంది. కానీ నా అనుమానం వేరే. కర్టెన్ చూడండి, పైన కుట్టు దగ్గర మడతలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ రెండు మూడు కలిసి వెడల్పు మడతలవుతాయి. లోహంలో కూడా అలా అవుతుందా? గీత ఎంత వెడల్పు ఉండాలో ఎవరు నిర్ణయిస్తారు?

గణితం_గచ్చిబౌలి · సోమవారం, రాత్రి 9:55

అక్కా, సైన్స్ రాదని మళ్లీ అనకండి. మీరు అడిగిన దాని మీద 1990ల మొదట్లో రాబర్ట్ కోన్, స్టెఫాన్ ముల్లర్ పెద్ద పత్రాలు రాశారు.

రెండు ఖర్చులున్నాయి. పొరల సగటు మాత్రమే ఆస్టెనైట్‌కి సరిపోతుంది కానీ విడివిడిగా ఒక్కో పొర సరిపోదు. అందుకని అంచు దగ్గర కొంచెం మేర స్ఫటికం బిగుసుకుని ఉంటుంది. పొర ఎంత సన్నగా ఉంటే ఆ బిగువు అంత తక్కువ మేర ఉంటుంది. ఈ ఒక్క ఖర్చే ఉంటే పొరలు అంతులేకుండా సన్నబడుతూ పోవాలి. బాల్-జేమ్స్ సిద్ధాంతంలో నిజంగా అలాగే వస్తుంది, ఎంత సన్నగా చేసినా ఇంకా సన్నది మేలు.

కానీ రెండు వేరియంట్లు కలిసే ప్రతి సరిహద్దుకూ కొంత శక్తి ఖర్చవుతుంది. పొరలు సన్నబడితే సరిహద్దులు పెరుగుతాయి. ఈ రెండూ తూగిన చోట వెడల్పు తేలుతుంది. మామూలు సమాంతర పొరలకైతే వెడల్పు, పొర పొడవుకి వర్గమూలంగా పెరుగుతుంది. పొడవు నాలుగు రెట్లయితే వెడల్పు రెండు రెట్లు. దీనికన్నా తెలివైన ఏర్పాటు మీ కర్టెన్‌ది. అంచు దగ్గర మాత్రమే సన్నగా చీలి, లోపలికి వెళ్లేకొద్దీ కలిసిపోవడం. మార్టెన్‌సైట్‌లో ఈ కొమ్మలు నిజంగా కనపడతాయి.

ఒక తేడా మాత్రం ఉంది. కుచ్చిళ్లు మన చేతితో సర్దుతాం. స్ఫటికంలో ఏ రెండు వేరియంట్లు, ఏ తలం మీద, ఏ పాళ్లలో కలవాలన్నది పైన చెప్పిన మూడు అంకెలే నిర్ణయిస్తాయి. లోహవిద్యార్థిని చూసిన ఈటె మొనలు ఇంకా అరుదు. నాలుగు వేరియంట్లు ఒక మొనలో కలిసి ఆస్టెనైట్‌లోకి చొచ్చుకుపోవాలంటే ఆ అంకెలు ఒక ప్రత్యేక సంబంధంలో ఉండాలి. 1991లో కౌశిక్ భట్టాచార్య దాన్ని కనుక్కున్నారు. అన్ని లోహాలకూ ఆ సంబంధం ఉండదు. ఈ లోహానికి ఉంది.

లోహవిద్యార్థిని · మంగళవారం, ఉదయం 6:40

నాకు మాటలు రావడం లేదు. రెండేళ్లు చదివినా ఇలా ఎవరూ చెప్పలేదు. అక్కా, ఇంట్లో కర్టెన్ ముందు పది నిమిషాలు నిలబడ్డాను.

ఇంకా మూడు మిగిలాయి: ఐస్ తీసినా గీతలు ఉండిపోవడం, అవే చోట్ల రావడం, పగులు.

కంచన్‌బాగ్_రిటైర్డ్ · మంగళవారం, ఉదయం 9:00

మొదటిది. చల్లబరిచేటప్పుడు మార్పు మొదలయ్యే ఉష్ణోగ్రత వేరు, వేడి చేసేటప్పుడు వెనక్కి మళ్లే ఉష్ణోగ్రత వేరు. ఈ ఎడాన్ని హిస్టెరిసిస్ అంటాం. మీ ల్యాబ్ ఉష్ణోగ్రత సరిగ్గా ఆ ఎడంలో పడింది. అందుకే ఐస్ పెడితే వచ్చాయి, తీసేస్తే పోలేదు, డ్రయ్యర్ కావాల్సి వచ్చింది. ఎడానికి కారణం కూడా పై లెక్కలోనే ఉంది. ఆస్టెనైట్, మార్టెన్‌సైట్ ఎంత బాగా అతుక్కుంటే ఎడం అంత తగ్గుతుంది. మధ్య అంకెను 1కి దగ్గరగా తెచ్చేలా లోహం పాళ్లు మార్చి చూశారు. 2013లో జింక్-గోల్డ్-కాపర్ మిశ్రమం ఒకటి వేల సార్లు అటూ ఇటూ మారినా ఉష్ణోగ్రతలు దాదాపు కదలలేదు. 2015లో టైటానియం-నికెల్-కాపర్-కోబాల్ట్ పలుచని పొర కోటిసార్లు సాగదీసి వదిలినా అలసిపోలేదు.

రెండోది. మార్టెన్‌సైట్ శూన్యంలోంచి పుట్టదు. గ్రెయిన్ అంచో, లోపలి లోపమో, పాలిష్ గీరో ఒక ఆసరా కావాలి. ఆ ఆసరాలు ప్రతిసారీ అక్కడే ఉంటాయి. పైగా అటూ ఇటూ మారిన ప్రతిసారీ లోపల కొన్ని డిస్‌లొకేషన్లు (స్ఫటికంలో అణువుల వరుస తప్పిన చోట్లు) మిగులుతాయి. బండ్లు తిరిగి తిరిగి పడిన చక్రాల జాడలా అవి తర్వాతి మార్పుకు దారి చూపిస్తాయి. మొదటి పది సార్ల ఫొటోలు, చివరి పది సార్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడు. చివరివి ఒకదానితో ఒకటి ఎక్కువ పోలి ఉండాలి.

మూడోది. పగులు నీ తప్పు కాదు. ఈ లోహం స్వభావమే అది. ఒక దిశలో గట్టిగా, ఇంకో దిశలో చాలా మెత్తగా ఉంటుంది. గ్రెయిన్లు పెద్దవి. పక్కపక్క గ్రెయిన్లు వేర్వేరు వైపులకు సాగాలని చూస్తే ఆ గుంజులాటంతా సరిహద్దు మీద పడుతుంది. నికెల్-టైటానియంకి పన్నెండు వేరియంట్లు ఉన్నాయి కాబట్టి ఇరుగుపొరుగుకు సర్దుకునే వీలు ఎక్కువ. వైద్య పరికరాల్లో అది నిలిచిందంటే ఇదీ ఒక కారణం. కాపర్ లోహాన్ని బతికించుకోవడానికి రెండు మార్గాలు. గ్రెయిన్లను సన్నగా చేయడం ఒకటి, అందుకు కొద్దిగా టైటానియం గానీ బోరాన్ గానీ కలుపుతారు. రెండోది నాకు ఇష్టమైనది. సన్నటి తీగలో ఒక్కో గ్రెయిన్ తీగ మందమంతా నిండేలా, వెదురు కణుపుల్లా పెంచడం. అప్పుడు మూడు గ్రెయిన్లు కలిసి కొట్టుకునే చోటే ఉండదు.

నీకొక పని చెబుతాను. ఐస్ పెట్టి గీతలు తెప్పించు. మీ ల్యాబ్‌లో అవి నిలుస్తున్నాయి కదా, అలాగే ఉండగా మళ్లీ పాలిష్ చెయ్యి. చేతి బరువు పెట్టకు, పాలిషింగ్ ద్రవాన్ని ఫ్రిజ్‌లో చల్లబరిచి వాడు. గట్టిగా రుద్దితే ఆ ఒత్తిడికే కొత్త మార్టెన్‌సైట్ పుడుతుంది. తర్వాత డ్రయ్యర్ పెట్టి చూసి, ఏమైందో ఇక్కడ రాయి.

దిల్‌సుఖ్‌నగర్_డెంటిస్ట్ · మంగళవారం, మధ్యాహ్నం 3:30

పళ్లు సరిచేసే నైటినాల్ తీగ, అంటే మీరు చెప్పిన నికెల్-టైటానియమే, రోజూ నా చేతిలో ఉంటుంది. స్టీల్ తీగను వంచితే ఎంత వంచితే అంత బలం తిప్పికొడుతుంది. నైటినాల్ ఒక హద్దు దాటాక బలం పెరగదు, అదే నెమ్మదైన ఒత్తిడి వారాల తరబడి ఇస్తుంది. పన్నుకు కావలసింది అదే. నొప్పిగా ఉందని ఫోన్ చేసే పిల్లలకు కాసేపు చల్లని నీళ్లు నోట్లో పట్టుకోమంటాను. వేడికి స్పందించే రకం తీగ చల్లబడితే మెత్తబడుతుంది, కాస్త ఊరట దొరుకుతుంది. ఇన్నాళ్లూ ఇది తీగ గుణం అనుకున్నానే తప్ప ఈ వేరియంట్ల సంగతి తెలియదు. బలం పెరగకపోవడానికి కూడా కారణం ఇదేనా?

గణితం_గచ్చిబౌలి · మంగళవారం, సాయంత్రం 5:45

అదే డాక్టర్‌గారూ. చల్లబరచకుండా లాగినా మార్టెన్‌సైట్ పుడుతుంది. కాకపోతే ఇప్పుడు వేరియంట్లన్నీ సమానం కాదు. లాగే దిశలో బాగా సాగే వేరియంట్ గెలుస్తుంది. హద్దు దాటాక మీరు పెట్టే శ్రమ బంధాలను సాగదీయడానికి పోదు, ఆస్టెనైట్‌ని ఆ వేరియంట్‌గా మార్చడానికి పోతుంది. మారాల్సిన భాగం మిగిలినంత వరకు బలం దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. నైటినాల్ ఇలా 8 శాతం దాకా సాగి వెనక్కి రాగలదు. చల్లని నీళ్లు మార్టెన్‌సైట్ వైపు మొగ్గు పెంచుతాయి, అందుకే ఆ మట్టం దిగుతుంది.

బాలానగర్_టూల్‌రూమ్ · మంగళవారం, రాత్రి 8:00

నా అనుభవం ఒకటి చెబుతాను. కిందటేడు ఒక పార్టీ నైటినాల్ తీగ ఇచ్చి స్ప్రింగులు చేయమన్నారు. ఫిక్చర్‌కి (ఆకారాన్ని పట్టి ఉంచే బిగింపు) చుట్టి ఫర్నేస్‌లో పెట్టాం. మా ఫర్నేస్‌లో వేడి కొలిచే థర్మోకపుల్ తప్పు చూపిస్తోందని తర్వాత తెలిసింది, లోపల 600 దాటిపోయింది, అరగంట ఉంచాం. స్ప్రింగులు వచ్చాయి కానీ నాలుగుసార్లు లాగేసరికి సాగిపోయాయి. డబ్బు పోయింది, ఆ పార్టీ మళ్లీ రాలేదు. నా తప్పు ఎక్కడో ఇప్పటికీ టెన్షన్.

కంచన్‌బాగ్_రిటైర్డ్ · మంగళవారం, రాత్రి 8:50

తమ్ముడూ, ఆ తీగ నీ దగ్గరికి చల్లగా లాగి సన్నబరిచిన స్థితిలో వస్తుంది. లోపల డిస్‌లొకేషన్లు కిక్కిరిసి ఉంటాయి. 500 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచి నీళ్లలో ముంచితే అవి కొంత సర్దుకుంటాయి, కొత్త ఆకారం ఆస్టెనైట్‌కి సొంత ఆకారం అవుతుంది, కానీ స్ఫటికం జారకుండా అడ్డుకునేంత గట్టిదనం మిగులుతుంది. 600 దాటి అరగంట ఉంచితే కొత్త గ్రెయిన్లు పుట్టి తీగ మెత్తబడుతుంది. అప్పుడు లాగితే వేరియంట్ మారడంతో పాటు జారడం కూడా మొదలవుతుంది. జారింది తిరిగి రాదు. పైన స్టీల్ గురించి నువ్వు అడిగిన ప్రశ్నకు చెప్పిన జవాబే ఇక్కడా.

ఇంకొకటి గుర్తుంచుకో. నికెల్ ఎక్కువున్న తీగను 400-500 మధ్య ఎక్కువసేపు ఉంచితే నికెల్ విడిపోయి సన్న రేణువులుగా చేరుతుంది. మిగిలిన లోహంలో నికెల్ తగ్గి, మార్పు ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. నికెల్ పాళ్లలో 0.1 శాతం తేడా వచ్చినా ఆ ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా కదలగలదు. కొత్త థర్మోకపుల్‌ని ఫిక్చర్‌కే ఆనించి కట్టు, ఫర్నేస్ గోడ దగ్గర కాదు. ముందు నాలుగు తుంపులతో పరీక్ష చేసి, తర్వాతే మొత్తం పెట్టు.

లోహవిద్యార్థిని · గురువారం, రాత్రి 11:20

సర్, చేశాను! ఐస్ పెట్టి గీతలు తెప్పించి, చల్లని ద్రవంతో మెల్లగా పాలిష్ చేశాను. గీతలు పూర్తిగా పోయాయి, మళ్లీ అద్దం అయిపోయింది. పోలరైజ్డ్ వెలుగులో చూస్తే మాత్రం పొరలు లీలగా కనిపించాయి, అంటే లోపల మార్టెన్‌సైట్ అలాగే ఉంది. డ్రయ్యర్ పెట్టాను. మామూలుగా గీతలు పోవాల్సిన సమయానికి గీతలు వచ్చాయి! అవే చోట్ల, అవే కోణాల్లో. ఫోకస్ పైకీ కిందికీ తిప్పి చూశాను. ఇంతకుముందు గట్టుగా ఉన్న పొర ఇప్పుడు పల్లంగా ఉంది. ఇంటికి వెళ్లే దారిలో ప్రతి పొర తను ఒరిగినంత వెనక్కి ఒరిగింది కదా సర్? మళ్లీ ఐస్ పెడితే చాలావరకు చదునైపోయింది. ఒకటి రెండు చోట్ల మాత్రం కొత్త గీతలు వచ్చాయి.

కంచన్‌బాగ్_రిటైర్డ్ · శుక్రవారం, ఉదయం 5:50

అంతే తల్లీ. ఆ ఒకటి రెండు చోట్లనే పట్టుకో. అక్కడ ఈసారి వేరే వేరియంట్ ఎందుకు వచ్చిందో చూడాలి. అవి పగులు పక్కనున్నాయా, దూరంగా ఉన్నాయా? పగులు దగ్గర ఒత్తిడి మారి ఉంటుంది. గ్రెయిన్ల బొమ్మ గీసి, వాటి మీద ఈ చోట్లకు గుర్తులు పెట్టి పంపు.